ముందు మీరు పడుకుని చూపించండి

నెమలిబోడు కొండ మీద జంతువులు ఏడాదికోసారి ఇళ్లు మార్చుకుంటాయి. ఎప్పుడంటే, రోహిణి కార్తె ఆఖరి వారంలో. రాళ్లు పగిలే ఎండలో అదేం పని అంటారా? మృగశిర వస్తే వాన పడుతుంది. వాన పడ్డాక ఎవరూ బొరియ తవ్వలేరు, మట్టి జారిపోతుంది. అందుకని పిల్లలు పుట్టి ఇల్లు చాలనివాళ్లు, పిల్లలు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయినవాళ్లు, ఇరుగుపొరుగుతో పడనివాళ్లు, అందరూ ఆ వారంలోనే ఇంటికి ఇల్లు మార్చేసుకుంటారు. బేరం కుదిరితే ఇద్దరూ గుమ్మంలో గుర్తు పెట్టాలి. కుందేలైతే పంటిగాటు, నక్కైతే గోటిగాటు. ముళ్లపందైతే ఒంటి మీది ముల్లొకటి పీకి పాతాలి. గుర్తులు పడ్డాక ఇక మాట మార్చడం లేదు. ఆ కొండ మీద అదొక్కటే కట్టుబాటు, దాన్ని మాత్రం ఎవరూ దాటరు.

అక్కడ ఏళ్ల తరబడి ఎవరూ తీసుకోని ఇల్లొకటి ఉండేది. తవ్వింది ఉడుము. తన ఒళ్లు ఎలా ఉందో ఇల్లూ అలాగే తవ్వుకుంది మహానుభావురాలు. ముందు గది ఒక్కరికైతే బ్రహ్మాండం, పైన బండరాయి కప్పు, చుక్క కారదు. దాని వెనక మోచేయిలా వంగిన సందు. సందు చివర వెనక గది. ఆ గదికి మూడే మూలలు. ఒక గోడలోంచి రాయొకటి బొజ్జలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పైనుంచి రేలచెట్టు వేరొకటి వేలాడుతూ ఉంటుంది. 

కుందేలు వచ్చి చూసి, "ఇక్కడ పడుకుంటే నా చెవులు ఎక్కడ పెట్టుకోను?" అంది. ముంగిస వచ్చి చూసి, "మా ఆవిడకీ నాకూ గొడవైతే చెరో మూలా కూర్చుంటాం. ఇక్కడ ఏ మూల కూర్చున్నా ఆవిడ పక్కనే కూర్చున్నట్టుంది, నాకొద్దు బాబూ" అని వెళ్లిపోయాడు. ఉడుము కూడా ఒకరోజు ఎటో వెళ్లిపోయింది. ఇల్లు ఖాళీగా ఉంది కదా అని పానకాలు అనే నక్క వచ్చి ముందు గదిలో చేరాడు. చెమట చుక్క రాల్చకుండా ఇంటివాడైపోయాడు.

పానకాలు కన్ను మంగతాయి దుంపల దిబ్బ మీద ఉంది. మంగతాయి ముళ్లపంది. వాళ్లమ్మ నాటి నుంచి తవ్వుకుంటున్న దిబ్బ అది, నిండా అడవి దుంపలు. నక్కకి దుంపలెందుకంటారా? దుంపల కోసం పందికొక్కులు వస్తాయి. పొద కింద పడుకుని నోరు తెరిస్తే చాలు, ఏడాది పొడుగునా భోజనం నడిచి వస్తుంది. 

మంగతాయి ఈ ఏడు ఇల్లు మారక తప్పదని కొండంతా తెలుసు. ఆమె ఇల్లు ఏటి గట్టున ఉంది. పోయినేడు వానకి ఏరు ఇంట్లోకి వచ్చి, ముగ్గురు పిల్లల్లో చిన్నదాన్ని తీసుకుపోయింది. ఆ తల్లి పది రోజులు తిండి ముట్టలేదు. మిగిలిన ఇద్దర్నీ వెంటేసుకుని ఈ వారమంతా తిరుగుతూనే ఉంది. మంచి ఇళ్లన్నీ అప్పటికే మారిపోయాయి. ఏటి గట్టు ఇంటిని మార్పిడికి తీసుకునేదెవరు?

"ఇల్లుతో పాటు దిబ్బ కూడా ఇస్తుంది, ఇవ్వక ఏం చేస్తుంది" అనుకున్నాడు పానకాలు. "కాకపోతే ఆ వెనక గది చూస్తే పారిపోతుంది. గదిని పెద్దది చెయ్యాలంటే తవ్వాలి. తవ్వితే గోళ్లు అరుగుతాయి. పెద్దదిగా కనబడేట్టు చేస్తే చాలదూ?"

చేశాడు. చేశాడంటే మామూలుగా కాదు. అంత తెలివి తవ్వడంలో పెట్టి ఉంటే ఈపాటికి వాడికి నాలుగు ఇళ్లుండేవి.

మొదట గదిలో ఉన్న చెత్తాచెదారం మొత్తం ఊడ్చి అవతల పారేశాడు. సుద్దమట్టి నీళ్లలో కలిపి, తోక ముంచి, గోడలన్నీ తెల్లగా అలికాడు. పక్క గోడ రాళ్ల సందులోంచి సన్నటి వెలుగు పడుతుంటుంది కదా, దానికి ఎదురుగా అభ్రకం పలకలు మూడు గోడకి ఆనించాడు. గది జిగేల్‌మంది. పడకకి బారెడు గడ్డి కావాలి, వాడు గుప్పెడే తెచ్చి ముచ్చటగా చిన్న పడక పరిచాడు. తిండి పెట్టుకునే చిప్పల బదులు నత్తగుల్లలు పేర్చాడు. వేలాడే వేరుకి ఊయలలా తీగ చుట్టాడు. బొజ్జ రాయిని ఏం చెయ్యాలో తోచక కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత సందు మలుపులో ఒక చదునైన రాయి తెచ్చి వేశాడు. ఆ రాయి మీద నిలబడి చూస్తే బొజ్జ రాయి గోడ చాటున పడి కనబడదు!

అన్నీ అయ్యాక బుల్లెమ్మ గుర్తొచ్చింది. బుల్లెమ్మ ముసలి చుంచెలుక. గంటకోసారి ఏదో ఒకటి నమలకపోతే ఆవిడకి ప్రాణం లేచిపోతుంది. 

"బుల్లెమ్మత్తా, మా వెనక గదిలో కాసేపు కూర్చోవాలి నువ్వు" అన్నాడు.

"కూర్చుంటే ఏమిస్తావురా?"

"గుల్ల నిండా చెదపురుగులు."

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యొద్దు. పడక మీద కూర్చో, చాలు. నువ్వు కూర్చుంటే గది పెద్దగా ఉంటుంది. మాట్లాడకు, కదలకు."

"ఇదేం పనిరా, వింతగా ఉందే!" అంది కానీ చెదపురుగుల మాట వినగానే ఆవిడకి నోరూరింది. వెళ్లి కూర్చుంది. ఆ గుప్పెడు గడ్డి మీద బుల్లెమ్మ కూర్చునేసరికి చుట్టూ గది చాలా పెద్దదిలా తోచింది. పానకాలుకే ఒక్క క్షణం ఆశ పుట్టింది, ఇల్లు తనే ఉంచేసుకుందామా అని.

మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మని మళ్లీ కూర్చోబెట్టాడు. కాసేపటికి మంగతాయి వచ్చింది. పిల్లలిద్దర్నీ బయట తంగేడు పొద కింద కూర్చోబెట్టి, ముళ్లన్నీ ఒంటికి అదుముకుని లోపలికి అడుగుపెట్టింది. పరాయి ఇంట్లో ముళ్లు విప్పడం ముళ్లపందుల్లో మర్యాద కాదు. ఆ సంగతి పానకాలుకి తెలుసు. ముళ్లు విప్పకపోతే గది ఇరుకని తెలియదు, దాని మీదే వాడి ధీమా.

"రా చెల్లెమ్మా, రా! నీ ఇంటికి నువ్వే కొత్తదానిలా ఆ మొహమాటం ఏమిటి?" అన్నాడు.

ఇక్కడ మంగతాయి గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకి ప్రతిదీ అడిగి తెలుసుకోవాలి. చిన్నప్పుడు చీమల బారుని చూసి "ఎక్కడికి పోతున్నారు?" అని అడిగిందట. అవి చెప్పకపోతే సాయంత్రం దాకా వాటి వెంటే నడిచిందట. అలాంటిదాన్ని ఇల్లు చూడ్డానికి పిలిచాడు, చూడండి వాడి ఖర్మ.

"కప్పు కారదా అన్నయ్యా?"

"బండరాయమ్మా. దేవుడు దిగొచ్చినా కారదు."

మంగతాయి పైకి చూసింది, ముక్కుతో తట్టి చూసింది, మట్టి వాసన చూసింది. నిజంగానే తడి లేదు. ఆమె మొహం విప్పారింది. "పిల్లలకి ఇలాంటిదే కావాలి" అంది తనలో తను.

"వెనక గది చూడు, ఇదేం చూశావు! ఇదిగో, ఈ రాయి మీద నిలబడు. అంతే, ఇంకొంచెం ఎడమకి. ఆఁ."

మంగతాయి రాయెక్కి చూసింది. తెల్లటి గోడలు, పలకల మీద తళతళ, మధ్యలో ముద్దొచ్చే చిన్న పడక.

"అబ్బో!" అంది.

"ముగ్గురు కాళ్లు బారజాపుకుని పడుకోవచ్చు. నువ్వూ, నీ పిల్లలూ" అన్నాడు పానకాలు, మెత్తగా. "చూడు చెల్లెమ్మా, నీ కష్టం నాకు తెలియనిది కాదు. నీ ఇల్లు నేను పుచ్చుకుంటాను. దాంతో పాటు ఆ దుంపల దిబ్బ నాకు వదిలెయ్. ఒక ముల్లు పీకి గుమ్మంలో పాతేశావంటే ఈ రాత్రే పిల్లలు ఇక్కడ పడుకుంటారు."

మంగతాయి చెయ్యి ముల్లు మీదకి పోయింది. పోయింది కానీ, మధ్యలో ఆగింది.

"అన్నయ్యా, ఆ పడక మీద ఎవరు?"

"ఆవిడా? పక్కింటి పెద్దావిడ. గది నచ్చి లేవనంటోంది."

"ఈ రాయి మీదనుంచే ఎందుకు చూడమన్నావు? లోపలికి వెళ్లకూడదా?"

"సుద్ద ఇంకా ఆరలేదమ్మా, ఒంటికి అంటుతుంది."

"ఈ ఎండలో ఆరలేదా?"

"నీడపట్టు కదా!"

"ఆ మెరిసేవి ఏమిటి?"

"అలంకారం."

"అలంకారం వెలుగు పడేచోటే ఎందుకు పెట్టావు?"

"చెల్లెమ్మా, ఇన్ని ప్రశ్నలెందుకు? ఇల్లు చూడగానే మనసుకి తెలిసిపోవాలి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పడక మీద బుల్లెమ్మ కడుపు పట్టుకుంది. గంట దాటిపోయింది మరి.

"ఒరేయ్ పానకాలూ! నా చెదపురుగులేవిరా? కూర్చో, కదలకు, కూర్చుంటే గది పెద్దగా ఉంటుందన్నావు. గది సంగతి దేవుడెరుగు, నా కడుపు ఎండిపోతోంది" అంటూ పడక దిగి గోడ దాకా నడిచింది.

మంగతాయి ఆవిడ అడుగులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో అడుగుకి బుల్లెమ్మ ముక్కు గోడకి తగిలింది. చుంచెలుక అడుగు ఎంతుంటుంది చెప్పండి? గోరంత. పడక నుంచి గోడకి తొమ్మిది గోళ్ల దూరం!

అప్పుడు అర్థమైంది ఆమెకి. పిల్లని పోగొట్టుకున్నదాన్ని, నన్నా వీడు ఆటపట్టిస్తున్నాడు అనుకుంది. ముళ్లు విప్పి వాడి మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ బయట తంగేడు పొద కింద ఇద్దరు పిల్లలున్నారు. పడమట మబ్బు కమ్ముతోంది. ఇంకో ఇల్లు లేదు. ఈ ముందు గదిలో ముళ్లు విప్పితే ఒక్కతే పడుతుంది, పిల్లలకి చోటుండదు. ఇంటికంతా కరువైంది ఆ ఒక్క గదే.

గట్టిగా ఊపిరి తీసి మామూలుగా నవ్వింది.

"అన్నయ్యా, గది బాగానే ఉంది. ఒక్కటే అనుమానం."

"అడుగమ్మా!" పానకాలుకి ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో నిద్ర ఎలా పడుతుంది?"

"అదేం ప్రశ్న? హాయిగా పడుతుంది!"

"అయితే ముందు మీరు పడుకుని చూపించండి" అంది, ఎన్నడూ లేని మర్యాదతో.

పానకాలు ఒక్క క్షణం ఆలోచించాడు. తోక చుట్టుకుని ముడుచుకుంటే పడతాడు. రాయి మీదనుంచి చూస్తే బాగానే కనబడుతుంది. "అంతేనా? ఇదిగో" అని లోపలికి వెళ్లి, బొజ్జ రాయికి వీపు ఆనించి, గుప్పెడు గడ్డి మీద గుండ్రంగా ముడుచుకుని, గురక కూడా పెట్టాడు. గురక ఎవరడిగారు? వాడి అతి అలాంటిది.

"బాగుంది. ఇక నేనూ పడుకుని చూస్తాను" అంది మంగతాయి. అని వెనక్కి తిరిగింది.

"అటు తిరిగావేంటి?"

"మేం పడుకునే చోటికి తోకవైపు నుంచే వెళ్తాం అన్నయ్యా. మొహం గుమ్మం వైపు ఉండాలి కదా, ఎవరైనా వస్తే తెలియాలి."

ముళ్లపందులతో ఇన్నేళ్లు ఒకే కొండ మీద ఉన్నాడు పానకాలు. అవి ఇంట్లోకి ఎలా వెళ్తాయో ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పూట గదిలోకి వెళ్లేవాడు కాదు.

మంగతాయి చూపుల రాయిని కాలితో పక్కకి తోసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గది నోటి దాకా వచ్చి కూలబడింది. ఇంకా లోపలికి రావడానికి చోటు లేదు, నక్క ఉన్నాడుగా. బుల్లెమ్మ ఆమె పొట్ట కిందుగా సర్రున బయటికి జారిపోయింది. 

"ఆఁ, మెత్తగా ఉంది" అంటూ మంగతాయి ఆవలించి ఒళ్లు విరుచుకుంది. ఒళ్లు విరుచుకుంటే ముళ్లపందికి ముళ్లు విప్పుకుంటాయి. సందు నిండిపోయింది. ముళ్ల మొనలన్నీ పానకాలు ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగాయి.

"చెల్లెమ్మా! ముళ్లు!"

"నిద్రలో అవి నా మాట వినవన్నయ్యా."

"పరాయి ఇంట్లో ముళ్లు విప్పకూడదు కదా మీరు!"

"నీ ఇంటికి నువ్వే కొత్తదానివా అన్నావుగా. అందుకే మొహమాటం వదిలేశాను."

"కొంచెం జరుగు తల్లీ!"

"నువ్వే జరుగన్నయ్యా. ముగ్గురు కాళ్లు బారజాపుకునే గది. ఇద్దరమే ఉన్నాం."

పానకాలు కుడివైపు జరిగాడు, బొజ్జ రాయి డొక్కలో పొడిచింది. ఎడమవైపు జరిగాడు, అభ్రకం పలక ఫెళ్లున విరిగింది. లేవబోయాడు, వేలాడే వేరు మెడకి తగులుకుంది. మంగతాయి ఊపిరి తీసినప్పుడల్లా ముళ్లు ఒక వెంట్రుక ముందుకి వస్తున్నాయి.

"చోటు లేదమ్మా!" అని అరిచాడు. "ఇక్కడ చోటు లేదు! ఒక్క చుంచెలుకకి తప్ప ఎవరికీ లేదు!"

ముందు గదిలోంచి బుల్లెమ్మ, "ఆ మాట పొద్దున్నే చెబితే నా కడుపు మాడేది కాదుగా!" అంది.

"లేకపోతే చేసుకో అన్నయ్యా" అంది మంగతాయి, కళ్లు మూసుకునే. "గోళ్లున్నాయి కదా నీకు."

ఏం చేస్తాడు? తవ్వాడు. ముందు బొజ్జ రాయి చుట్టూ మట్టి గోకాడు. మంగతాయి ఒక పక్క ముళ్లు వాల్చి మట్టికి దారిచ్చింది, ముందుకి వచ్చిన మట్టిని కాళ్లతో బయటికి ఎగదోసింది. మట్టితో పాటు తన తల కూడా దూర్చబోయాడు పానకాలు. చటుక్కున ముళ్లు లేచాయి. మళ్లీ తవ్వాడు. బొజ్జ రాయి దొర్లి నేలలో కూరుకుపోయింది. మూడు మూలల గది నాలుగు మూలలైంది. రేల వేరు కొరికేశాడు. సుద్ద మొహమంతా పులుముకుని తెల్లబడ్డాడు. పొద్దు నడినెత్తి దాటింది. కొండ అవతల మొదటి ఉరుము వినబడింది.

"ఇక లే తల్లీ, ముగ్గురు కాదు, ఐదుగురు పడుకోవచ్చు!"

మంగతాయి కళ్లు తెరిచింది. మెడ తిప్పి చూసింది. ఈసారి నిజంగానే గది.

"బేరం మాట్లాడుకుందాం అన్నయ్యా."

"దుంపల దిబ్బ..."

"దిబ్బ మాట లేదు. మా అమ్మది అది. కొండ కట్టుబాటు ఇంటికి ఇల్లు. నా ఇల్లు ఎలాంటిదో చెప్తాను, విను. గుమ్మం బాగుంటుంది. ఎడమ గోడ జారుతుంది. ఏరు పొంగితే ఇంట్లోకి నీళ్లొస్తాయి. ఊరికే రావడం కాదు, నా చిన్నదాన్ని తీసుకుపోయాయి." బయట పిల్లలున్న వైపు ఒకసారి చెవి పెట్టి విని మళ్లీ అంది, "అన్నీ చెప్పాను. నచ్చకపోతే వద్దు. వెళ్లి చూసుకుని రా, వచ్చాకే గుర్తు పెడుదువుగాని."

"నువ్వు లేవకుండా నేనెలా వెళ్లి చూడను!"

"అదీ నిజమే. తొందరేముంది, ఆలోచించుకో. నేను ఇంకొంచెం పడుకుంటాను." ముళ్లు గలగలమన్నాయి.

"సరే! సరే! నీళ్లొచ్చినా సరే, గోడ జారినా సరే!" అన్నాడు పానకాలు. "లే ముందు!"

మంగతాయి లేచింది. బుల్లెమ్మ సాక్షిగా గుమ్మంలో ముల్లు పాతింది. పానకాలు అరిగిపోయిన గోళ్లతో దాని పక్కన గీత గీశాడు, గీత సరిగా పడకపోతే మళ్లీ గీశాడు. తంగేడు పొద కిందనుంచి పిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చి, తోకలు ముందు పెట్టుకుని వెనక గదిలోకి దూరి, ముళ్లు విప్పి ఒళ్లు విరుచుకున్నారు. ఎక్కడా ఏ గోడా తగల్లేదు. మంగతాయి గడప మీద కూర్చుని వాళ్లని చూస్తూ ఏడ్చింది, నవ్వింది. తర్వాత దిబ్బ నుంచి దుంప తవ్వి తెచ్చి, అందులో చేరిన పురుగులన్నీ బుల్లెమ్మకి ఏరి పెట్టింది.

ఆ రాత్రే వాన పడింది.

మూడు రోజుల తర్వాత ఏటి గట్టు మీద తడిసిన తోక పిండుకుంటూ పానకాలు కనబడ్డాడు. ఎదురుగా ఒక కుందేలు నిలబడి ఉంది.

"ఇంట్లోకే నీళ్లమ్మా!" అంటున్నాడు వాడు. "దాహమేస్తే గడప దాటక్కర్లేదు. ఇలాంటి సదుపాయం కొండ మొత్తం మీద ఎక్కడుంది? ఇదిగో, ఈ రాయి మీద నిలబడి చూడు."

కుందేలు రాయి వంక చూసింది, వాడి వంక చూసింది. అప్పటికి ఆ సంగతి కొండంతా పాకిపోయింది మరి.

"చూస్తాను లేండి" అంది. "ముందు మీరు పడుకుని చూపించండి."

ఇల్లు చూడ్డానికి వెళ్తే, చూపించేవాడు నిలబడమన్న చోట కాదు, రేపు మనం పడుకోబోయే చోట నిలబడి చూడాలి.